ఆరో గడి

ఐసు ముక్కలు నింపిన రెండు గాజు గిన్నెలు వేదిక మీదకి రాగానే భ్రమరకి తెలిసిపోయింది, ఇప్పుడు తనని పిలుస్తారని.

“నా కజిన్ భ్రమర కూడా ఇక్కడే ఉంది. ఒక్క నిమిషం పైకి రావాలి,” అంది హైమ మైకులో.

అమెరికాలో వాళ్లుండే మెంఫిస్ నగరంలోని ఆ హోటల్ హాల్లో నాలుగు వందల మంది ఒకేసారి వెనక్కి తిరిగారు. భ్రమర మూడో వరసలోంచి లేచి మెట్లెక్కింది. ఈ ఆట ఇది తొమ్మిదోసారి. ప్రతిసారీ ఊరు మారుతుంది, హాలు మారుతుంది, హైమ కట్టుకునే చీర మారుతుంది. గిన్నెలూ, ఐసూ, భ్రమరా మాత్రం మారరు.

ఇద్దరి ఎడమ చేతులకీ నల్లటి పట్టీలు తొడిగారు. కంపెనీ దానికి పొడుగాటి పేరు పెట్టింది కానీ వీళ్లిద్దరూ మొదట్నుంచీ దాన్ని ‘గాజు’ అనే పిలుచుకుంటారు. గాజు లోపల్నుంచి పచ్చటి వెలుగు చర్మంలోకి దిగుతుంది. నొప్పి పుట్టగానే చర్మం కింది సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. తిరిగొచ్చే వెలుగులో ఆ కదలికని పట్టుకుని, గాజు సున్నా నుంచి పది దాకా ఒక అంకె చూపిస్తుంది. మాటలు రాని పసిపిల్లకీ, నాలుక పడిపోయిన ముసలాయనకీ ఎంత నొప్పిగా ఉందో డాక్టరుకి తెలిసిపోతుంది. ఏడాదిగా ఊళ్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో ఎవర్ని ముందు లోపలికి పంపాలో ఆ అంకే నిర్ణయిస్తోంది.

ఇద్దరూ చేతులు ఐసు నీళ్లలో ముంచారు. వెనక పెద్ద తెర మీద రెండు అంకెలు వెలిగాయి. నిమిషం గడిచేసరికి హైమ అంకె ఎనిమిదికి చేరింది. భ్రమరది నాలుగు దగ్గరే ఆగిపోయింది.

హైమ అబ్బా అంటూ చెయ్యి తీసేసింది. “చూశారుగా. మా భ్రమరకి నొప్పి తెలీదు. చిన్నప్పట్నుంచీ మొండిఘటం.”

హాలంతా నవ్వింది. భ్రమర కూడా నవ్వింది. వేళ్ల ఎముకల్ని ఎవరో రంపంతో కోస్తున్నట్టుంది ఆమెకి. అయినా హైమ తీశాక మరో పది సెకన్లు ఉంచి, అప్పుడు తీసింది. నలభై ఏళ్లలో ఆమె హైమని గెలిచింది ఈ ఒక్క విషయంలోనే.

తర్వాత అవార్డు ఇచ్చారు. ఫోటోల్లో హైమ నిండు చంద్రుడిలా వెలిగిపోయింది. హైమ భ్రమరకి మేనత్త కూతురు, ఏడాది పెద్ద. తునిలో ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు. తనకి ఐదేళ్లప్పుడు హైమకి ఫోటో తీయిస్తుంటే చూడ్డానికొచ్చిన పక్కింటావిడ మేనత్తతో అన్న మాట భ్రమర ఈరోజుకీ మర్చిపోలేదు. “పిల్లకి వేరే దిష్టిచుక్క ఎందుకమ్మా? పక్కన మీ మేనకోడల్ని కూచోబెట్టు, చాలు.” మేనత్త నవ్వింది. అమ్మ కూడా నవ్వింది.

ఒకే కాలేజీ, ఒకే సబ్జెక్టు, చివరికి ఒకే ల్యాబు. గాజులో వెలుగు ఆలోచన హైమది. కానీ నల్లటి చర్మం వెలుగుని మింగేస్తుంది కాబట్టి, ఒంటి రంగుని బట్టి అంకెని పెంచి సరిచేసే పట్టిక భ్రమరది. పద్నాలుగు నెలల పని అది. పేటెంటు మీద హైమ పేరొక్కటే ఉంది. కంపెనీ కరపత్రం అడుగున సన్న అక్షరాల్లో, సహకరించిన పదకొండు మందిలో ఏడో పేరు భ్రమరది.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో హైమ ఆ అవార్డుని మరదలి ఒళ్లో పెట్టింది. “కాసేపు పట్టుకోవే, డ్రైవింగుకి అడ్డొస్తోంది.”

భ్రమర దాన్ని ఇల్లు చేరేదాకా మోసింది.

* * *

రెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదులు చూడాల్సింది భ్రమర. అవార్డులు హైమకీ ఫిర్యాదులు భ్రమరకీ అన్నది కంపెనీలో ఎవరూ రాసిపెట్టకుండానే స్థిరపడిపోయిన ఏర్పాటు.

ఎమర్జెన్సీ వార్డులో లొరెటా అనే నర్సు ఎదురొచ్చింది. నల్లజాతి మనిషి, యాభై దాటాయి. భ్రమరని పైనుంచి కిందకి ఒకసారి చూసింది.

“ఐసులో చెయ్యి పెట్టే ఆవిడవి నువ్వేనా? వీడియో చూశాను. నీకు నొప్పి తెలీదంటగా.”

“అలా అంటారు.”

“అయితే నేను నీకంటే గొప్పదాన్ని.” లొరెటా చెయ్యి చాపింది. మణికట్టు పైన కాలిన బొబ్బ ఉబ్బి ఉంది. “పొద్దున్న కాఫీ యంత్రం దగ్గర కాలింది. ప్రాణం పోతోంది. ఇప్పుడు చూడు.” గాజు తొడుక్కుంది. పచ్చటి వెలుగు మిణుకుమంది. అంకె రెండు.

భ్రమర గాజు మార్చింది. కొత్తది తెప్పించింది. మళ్లీ రెండే.

లొరెటా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. “వాల్టర్ బెల్. స్కూలు బస్సు నడిపేవాడు. మా చర్చిలో పాడేవాడు కూడా. కడుపునొప్పని వచ్చాడు. గాజు మూడు చూపించింది. మూడంటే బయట కుర్చీలో కూచోవాలి. నొప్పి ఎక్కువగా ఉందమ్మా అని నాలుగుసార్లు చెప్పాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. నాలుగుసార్లూ నేనే లేచి వెళ్లి గాజు చూశాను. మూడు. ఐదు గంటలయ్యాక కుర్చీలోంచి కింద పడ్డాడు. అపెండిక్స్ ఎప్పుడో పగిలిపోయింది.”

“బతికాడా?”

లొరెటా పుస్తకం తెరిచి ఆమె చేతిలో పెట్టింది. మొదటి పేరు పక్కన చిన్న శిలువ గుర్తు ఉంది. మొత్తం అరవై ఒక్క పేర్లు. అందరూ నల్లవాళ్లే.

ఆ క్షణంలో భ్రమర గుండెలో ముందుగా కదిలింది జాలి కాదు. బస్సు నడిపే వాల్టర్ బెల్ మీదుగా, శిలువ గుర్తు మీదుగా ఆమె మనసు నేరుగా హోటల్ వేదిక మీదకి ఎగిరిపోయింది. హైమ గాజు తప్పు చెబుతోంది. ఆ ఆలోచన బెల్లం ముక్కలా నోట్లో కరిగింది. ఒక్క నిమిషం తర్వాత సిగ్గేసింది. కానీ తీపి మాత్రం పోలేదు.

* * *

పది రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా పని చేసింది భ్రమర. అరవై ఒక్కరి రికార్డులు తీసింది. అదే జబ్బుతో వచ్చిన తెల్లవాళ్ల రికార్డులు పక్కన పెట్టింది. తెల్లవాడికి ఎనిమిది చూపించిన చోట నల్లవాడికి నాలుగు చూపిస్తోంది. మందు నల్లవాళ్లకి ఆలస్యంగా అందుతోంది, కొందర్ని అసలు ఇవ్వకుండానే ఇంటికి పంపిస్తున్నారు. తెల్లవాడు అరిస్తే నొప్పి, నల్లవాడు అరిస్తే నాటకం అన్న పాత అనుమానానికి గాజు ఇప్పుడు సైన్సు ముద్ర వేసి ఇచ్చింది.

ఒక్కో పేజీ పూర్తవుతుంటే హైమ మొహం కళ్లముందు కదిలేది. ఈ నివేదిక చదివేటప్పుడు ఆ మొహం ఎలా మారుతుందో భ్రమర రకరకాలుగా ఊహించుకుంది. ఊహల్లో హైమ తెల్లటి చెంపలు ఎర్రబడేవి, తర్వాత పాలిపోయేవి. పని చేస్తూ కూనిరాగాలు తీస్తున్నానని పక్క సీటు మనిషి చెప్పేదాకా ఆమెకి తెలియలేదు.

ఇక ఒకటే మిగిలింది. తప్పు ఎక్కడ పుట్టింది? పట్టిక తనదే, అందులో లెక్క తప్పు లేదు. ఇరవైసార్లు చూసుకుంది. అయితే లెక్కలోకి వెళ్లిన మనుషుల్లో ఉండాలి. గాజుకి పాఠం నేర్పింది మొట్టమొదటి నలభై మంది. వాళ్ల కాగితాలు ల్యాబు చివర ఇనప బీరువాలో ఉన్నాయి.

ప్రతి కాగితం మీదా ఆరు గడులు. ఒకటో గడి అన్నిటికంటే తెల్లటి రంగు, ఆరోది అన్నిటికంటే నల్లటిది. ఆరు రంగుల అట్టని మణికట్టు పక్కన పెట్టి, కలిసిన రంగు గడిలో టిక్కు పెట్టాలి. భ్రమర నలభై కాగితాలూ బల్ల మీద వరసగా పేర్చింది. అందరూ ఆ భవనంలో పని చేసినవాళ్లే. మూడో గడిలో హైమ. నాలుగో గడిలో ఎనిమిది మంది. ఐదులో ఎవరూ లేరు. ఆరులో ఎవరూ లేరు.

నాలుగో గడి టిక్కుల్లో ఒకటి కొంచెం వణికినట్టుంది. ఆ కాగితం మీద పేరు చదవనక్కర్లేదు. చేతిరాత ఆమెదే.

ఆరోజు మొత్తం గుర్తొచ్చింది. డైరెక్టరు అడిగాడు, “ఆరో గడికి ఎవరైనా కావాలి కదా, బయట మనుషుల కోసం ప్రకటన ఇద్దామా?” గడువు దగ్గర పడుతోంది. హైమ కాగితాల్లోంచి తలెత్తకుండా అంది: “ఎందుకు? భ్రమర ఉందిగా, సరిపోతుంది.”

మామూలుగానే అంది. అందులో వెటకారం కూడా లేదు. గదిలో ఎనిమిది మంది ఉన్నారు. భ్రమరకి మాత్రం తునిలో ఆ ఫోటో కనిపించింది, ఆ నవ్వులు వినిపించాయి. కాగితం తీసుకుంది. అట్టని మణికట్టుకి ఆనించనేలేదు. మేట్రిమోనీ కాగితాల్లో ఆమె రంగుని ‘చామనఛాయ’ అని రాసిన నాన్నలాగే, ఆరు వదిలేసి, ఐదు కూడా వదిలేసి, నాలుగులో టిక్కు కొట్టింది.

ఇప్పుడు బీరువా అడుగున ఆ పాత అట్ట దొరికింది. భ్రమర తలుపు వైపు ఒకసారి చూసి, దాన్ని మణికట్టుకి ఆనించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగాలని చూసింది. రంగు కలవలేదు. ఐదు కూడా కలవలేదు. ఆరు మీదకి జరిపేసరికి అట్టకీ చర్మానికీ మధ్య గీత మాయమైపోయింది.

మిగతాదంతా క్షణంలో అర్థమైంది. ఇంత నల్లటి చర్మం చూస్తే అది నాలుగో రంగనుకోమని ఆమె గాజుకి నేర్పింది. అంతకంటే నల్లటి మనుషులు ఉంటారని గాజుకి తెలియదు. లొరెటా వచ్చినా, వాల్టర్ బెల్ వచ్చినా నాలుగో రంగుకి చాలే సవరణ చేసి, సగం నొప్పి చూపించి ఊరుకుంటోంది. వేదిక మీద తొమ్మిదిసార్లు ఆమెకి చూపించినట్టే. ఆమె గెలిచిన ఆ ఒక్క గెలుపు కూడా గెలుపు కాదు.

* * *

ఇంట్లో భర్త చలపతి పెసరట్లు పోస్తున్నాడు. తునిలో రోడ్లు వేయించిన ఇంజనీరు. ఆమె వీసా మీద వచ్చి ఏడేళ్లు ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూచుని, పని అనుమతి వచ్చాక ఇప్పుడు ఒక ఇనప సామాన్ల దుకాణంలో చేస్తున్నాడు. పదకొండేళ్ల ఎదురుచూపుల తర్వాత శాశ్వత నివాసం కార్డుకి ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఐదు వారాలుంది. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన ఆ ఉత్తరానికి చలపతి రోజూ పొద్దున్న దణ్ణం పెట్టుకుంటాడు. వేళాకోళానికి మొదలుపెట్టాడు కానీ ఈమధ్య నిజంగానే పెడుతున్నాడు.

భ్రమర అంతా చెప్పింది. వినేసి అడిగాడు: “ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదండి.”

“అయితే ఐదు వారాలాగు. కార్డు చేతికి రానీ. అప్పుడు చెప్పు. ఉద్యోగం పోయినా ఉండనిస్తారు. ఇప్పుడు చెబితే ఉద్యోగంతో పాటు వీసా పోయి, అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవాలి.”

“ఐదు వారాల్లో ఆ వార్డుకి ఎంతమంది వస్తారో తెలుసాండీ?”

అతను అట్టు తిరగేశాడు.

“మన సంబంధం కుదిరినప్పుడు కాగితంలో నా రంగు ఏం రాశారో గుర్తుందా?”

“చామనఛాయ.”

“చూశాక మీకు కోపం రాలేదా?”

“నేను కాగితాన్ని పెళ్లి చేసుకోలేదుగా.” అట్టు ఆమె కంచంలో వేశాడు. “అయినా ఆ కాగితం వల్ల ఎవరూ చచ్చిపోలేదులే భ్రమరా.”

ఆ మాట ఆమె వైపు మాట్లాడాలని అన్నాడో, వ్యతిరేకంగా అన్నాడో అతనికే తెలియనట్టుంది. పొయ్యి ఆర్పేశాడు. “తిను. చల్లారిపోతే గట్టిపడుతుంది.”

* * *

మర్నాడు పొద్దున్నే హైమ గదిలోకి వెళ్లి రెండు కట్టలు బల్ల మీద పెట్టింది భ్రమర. ఒకటి నివేదిక. రెండోది ఆ ఒక్క కాగితం.

హైమ నివేదిక చదువుతుంటే మొహం మారుతుందని ఎదురుచూసింది. మారలేదు. కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం హైమ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“ఈ టిక్కు నేను ఆరోజే చూశాను.”

“చూశావా?” అంది భ్రమర.

“చూశాను. అందరిముందూ ఇది తప్పు, నీది ఆరు అని ఎలా అననే? ఆడపిల్లవి, బాధపడతావని ఊరుకున్నాను. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను.”

“నామీద జాలి పడ్డావా వదినా?”

“జాలేంటే? మర్యాద.”

ఇంతకాలం హైమ తనని చూడదనే భ్రమర కోపం. చూసిందన్నమాట. చూసి, దయతలచిందన్నమాట. ఆ దయ అవార్డుకంటే ఎక్కువ మండింది.

“గాజులన్నీ ఈరోజే తీయించెయ్,” అంది.

“తీయిస్తే కంపెనీ ఉండదు. రెండు నెలల్లో కొత్త ప్రోగ్రాం పంపిస్తున్నాం, అందులో కలిపి సరిచేసేద్దాం. ఎవరికీ తెలీదు. నీ ఇంటర్వ్యూ కూడా అయిపోతుంది. నీకోసమే చెబుతున్నాను.”

“ఈలోగా వచ్చేవాళ్లు?”

హైమ లేచి తలుపు మూసింది. గొంతు తగ్గించింది. “ఒకటడుగుతా, నిజం చెప్పవే. ఈ తప్పు ఇంకెవరి యంత్రంలోనో ఉంటే పది రోజులు నిద్ర మానుకుని వెతికేదానివా? నువ్వు వెతికింది బెల్ కోసం కాదు, నాకోసం. బయటికెళ్లి చెప్పు. అందరూ అనేది ఒకటే, మరదలికి వదినంటే కుళ్లు అని. అంతకుమించి ఎవరూ వినరు.”

భ్రమర కాదనలేకపోయింది. పది రోజుల కూనిరాగాలు చెవుల్లో మోగాయి. కాగితం తీసుకుని బయటికి వచ్చేసింది. కుళ్లుతో మొదలుపెట్టిన పనికి న్యాయం అని పేరు పెట్టుకునే హక్కు తనకి ఉందా అని మూడు రోజులు ఆలోచించింది. ఆ మూడు రోజుల్లో లొరెటా పుస్తకంలో మరో ఐదు పేర్లు చేరాయి.

* * *

లొరెటా పట్టుదలతో ఆసుపత్రి బోర్డు బహిరంగ విచారణ పెట్టింది. కంపెనీ తరఫున వకీలు గ్రేడీ వచ్చాడు. అతనికి ఒక పక్క హైమ, మరో పక్క భ్రమర. భ్రమర చెప్పాల్సింది ఒకే వాక్యం. కాగితం మీద రాసి ఇచ్చారు: పట్టికలో ఎలాంటి లోపమూ లేదు. అది అబద్ధం కూడా కాదు. లోపం పట్టికలో లేదు.

ముందు మిసెస్ బెల్ మాట్లాడింది. సన్నటి మనిషి, ఆదివారం తొడుక్కునే టోపీ పెట్టుకుంది.

“నొప్పిగా ఉందని మా ఆయన నోటితో చెప్పాడు,” అంది. “వాళ్లు ఆయన మొహం చూడలేదు. చెయ్యి చూశారు.”

అంతే చెప్పి కూచుంది. హైమ లేచి చక్కటి ఇంగ్లీషులో సంతాపం చెప్పింది. అరవై ఆరు పేర్లతో ఏదీ తేల్చలేమంది. హైమ మాట్లాడితే ఎవరైనా నమ్ముతారు. తల ఊపుతున్న బోర్డు మెంబర్లని చూస్తే, ఇంత జరుగుతున్నా, భ్రమరకి ఆ గొంతు మీద అసూయే కలిగింది.

బోర్డు అధ్యక్షురాలు ఇటు తిరిగింది. “మిసెస్ భ్రమరాంబా, మీరు చెప్పండి.”

భ్రమర లేచింది. రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. ఫ్రిజ్ మీద ఉత్తరం కళ్లముందుంది. హాలు చివర చలపతి నిలబడి ఉన్నాడు, దుకాణంలో వేసుకునే ఎర్ర చొక్కాతోనే. వస్తానని చెప్పలేదు. ఆమె చూడగానే చిన్నగా తల ఊపాడు. ఏమని ఊపాడో ఆమె అడగదలుచుకోలేదు.

“గాజు నల్లటి మనుషుల నొప్పిని సగమే చూపిస్తోంది,” అంది. “అది నాకు రెండు వారాలుగా తెలుసు.”

గ్రేడీ చటుక్కున లేచాడు. ఆరితేరిన వకీలు, తొణకలేదు. “ఒక్క ప్రశ్న. ఈ యంత్రం పేటెంటు మీద మీ పేరుందా?”

“లేదు.”

“డాక్టర్ హైమవతి పేరు ఉంది. ఆమె మీ బంధువు. ఆమె మీద మీకు అసూయ లేదా?”

హైమ ముందే చెప్పి ఉంటుంది. భ్రమర ఆమె వైపు చూసింది. హైమ బల్ల వైపు చూస్తోంది.

“ఉంది,” అంది భ్రమర. “ఐదేళ్ల వయసు నుంచీ ఉంది. ఇప్పుడు కూడా ఉంది. ఈ తప్పు వెతికింది ఆవిణ్ణి దించేద్దామనే. తీరా చూస్తే తప్పు నాదే.”

గ్రేడీ కాగితాలు సర్దుకుని కూచున్నాడు.

ఆమె సంచిలోంచి కాగితమూ ఆరు రంగుల అట్టా తీసి, వాళ్ల కెమెరా కింద పెట్టింది. గోడ మీద తెరలో ఆమె మణికట్టు ఇంత పెద్దగా కనిపించింది. అట్టని నెమ్మదిగా జరిపింది. నాలుగు. ఐదు. ఆరు. గీత మాయమైంది.

“నేను కూచోవలసిన గడి ఇది. సిగ్గుపడి నాలుగులో టిక్కు పెట్టాను. ఇది ఖాళీగా ఉండిపోయింది. ఈ రంగు మనుషులు లేరనే గాజు అనుకుంటోంది. మిస్టర్ బెల్‌ని అది చూడనేలేదు.”

మిసెస్ బెల్ లేచి, నడుచుకుంటూ వచ్చి, బల్లకి అవతల నిలబడింది. భ్రమర మణికట్టు వైపు చూసింది. తర్వాత తన మణికట్టు వైపు చూసుకుంది. రెండూ ఒకటే రంగు.

“నీ ఒంటి రంగుకి సిగ్గుపడ్డావా?” అంది. “దానికా మా ఆయన చచ్చిపోయింది?”

భ్రమర అట్టని కిందకి దించింది. మిసెస్ బెల్ వెనక్కి వెళ్లి కూచుంది.

మధ్యాహ్నానికల్లా ఆ ఆసుపత్రిలో గాజులన్నీ తీసేశారు. సాయంత్రానికి భ్రమర ఉద్యోగం పోయింది.

* * *

రెండు రోజులకి హైమ పత్రికల ముందు నిలబడి, టిక్కు తను కూడా చూశానని, చూసి ఊరుకున్నానని చెప్పింది. గాజుని మొదట్నుంచీ మళ్లీ కడతానంది. మర్నాడు మొదటి పేజీలో ఆమె ఫోటో వచ్చింది. కళ్లలో నీళ్లతో, నిండు చంద్రుడిలా. కింద ‘తప్పు ఒప్పుకున్న శాస్త్రవేత్త’ అని రాశారు. భ్రమర పేరు లోపలి పేజీలో ఉంది, స్పెల్లింగు తప్పుతో.

“ఒప్పుకోవడంలో కూడా మా వదినే అందంగా ఉంది,” అంది భ్రమర, ఏడు వారాల తర్వాత సామాను సర్దుతూ, ఆ పాత పేపరుని గాజు గ్లాసులకి చుడుతూ.

చలపతి నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వారు. ఫ్రిజ్ మీది ఉత్తరం ఇంకా అక్కడే ఉంది. ఇంటర్వ్యూ రద్దయినా అతను దాన్ని తీయలేదు, ఆమె తీయమనలేదు. అరవై రోజుల్లో యాభై రెండు అయిపోయాయి.

ఆ మధ్యాహ్నం తలుపు తీస్తే హైమ. ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, ఇంకో చేతిలో ఐసు సంచి. రంగు వెలిసిన జీన్సు, దువ్వని జుట్టు. కళ్ల కింద నలుపు.

“కొత్త గాజు తయారైంది,” అంది లోపలికి వస్తూ. “ఆరో గడికి ముప్ఫై మంది వచ్చారు. లొరెటా తీసుకొచ్చింది, వాళ్ల చర్చి నుంచి. మిసెస్ బెల్ కూడా వచ్చింది. వాళ్ల కాగితాలన్నీ అయ్యాయి, వాటి పైన ఇంకోటి పెట్టాలిట, లొరెటా ఆర్డరు. మొదటి కాగితం నీదే ఉండాలంది.”

అట్టపెట్టెల మధ్య నేల మీద కూచున్నారు. హైమ కాగితం ఇచ్చింది. భ్రమర అట్ట అడగలేదు. ఆరో గడిలో టిక్కు పెట్టింది. గీత వణకలేదు.

ఇద్దరూ గాజులు తొడుక్కుని ఒకే బకెట్టులో చేతులు ముంచారు. వేదిక లేదు, తెర లేదు. చలపతి ఒక్కడే టేపు చుట్ట పట్టుకుని చూస్తున్నాడు. ముప్ఫై సెకన్లకే హైమ గాజు ఆరు చూపించింది. భ్రమరది ఏడు. నిమిషానికి హైమది ఎనిమిది.

భ్రమరది తొమ్మిది.

హైమ ఆ అంకె వైపే చూస్తుండిపోయింది. “తొమ్మిదిసార్లు,” అంది. “తొమ్మిది ఊళ్లలో నవ్వుతూ పెట్టావు కదే ఈ చెయ్యి. ఒక్కసారి కూడా చెప్పలేదేం?”

“నువ్వు మొండిఘటం అన్నావుగా. ఆ ఒక్క మాటలోనే నీకంటే పైన ఉండేదాన్ని వదినా. దాన్నెలా పోగొట్టుకోను?”

హైమ బకెట్టులో చెయ్యి అలాగే ఉంచింది. తీయదు. ఈసారి తనే గెలిచేదాకా తీయదేమో, లేక తీయడం మర్చిపోయిందో. వేళ్లు ఎర్రగా కందిపోతున్నాయి. పక్కనే భ్రమర వేళ్లు, ఎప్పట్లాగే ఏమీ బయటపెట్టకుండా.

పాత పట్టుదల భ్రమర భుజం దాకా లేచింది. ఇంకో పది సెకన్లు. అంతే చాలు, ఈసారి కూడా గెలవొచ్చు.

ఆమె నీళ్లలోంచి చెయ్యి తీసేసింది.

“నొప్పిగా ఉంది వదినా,” అంది. “తువ్వాలు ఇయ్యి.”